మాట రాకపోతే అర్థం పోయినట్టేనా? – సమాధానం

అన్నా, పక్షవాతం వచ్చినంక మీ నాయిన కొడవలి చూసి "గదే... గది" అంటున్నడు, అర్థమే మర్చిపోయిండా అని అడిగినవ్ గదా. కానీ చెయ్యి వరి కోసినట్టు ఆడిస్తున్నడని నువ్వే రాసినవ్. అంటే అర్థం పోయినట్టు లేదు, పేరు దొరుకుతలేదు.

మాట అర్థం మెదడుల ఒక్క అరలో ఉండదు. కొడవలి ఆకారం చూపు భాగాలల్ల, పట్టే తీరు చేతి కదలికల భాగాలల్ల ఉంటది. వీటిని టెంపోరల్ లోబ్ (చెవి పక్కనుండే మెదడు భాగం) ముందు కొస కలుపుతదని చాలామంది పరిశోధకుల మాట. ఎడమ ఫ్రంటల్ భాగం (నుదురు ఎనుకుండేది) తగిన మాటను ఏరుతది.

పేరు నువ్వే అందియ్యకు. "దేనికి వాడుతం? ఏడ పెడ్తం?" అని అడుగు, ఆఖరికి "కొ..." అను. స్పీచ్ థెరపిస్టుకు మాత్రం జల్ది చూపియ్యి.