వంద ఎలక్ట్రాన్లలో ఎన్ని?

తమ్ముడూ,

కార్బన్ డయాక్సైడ్ నుంచి కరెంటుతో ఇంధనపు ముడిసరుకు తీయడం గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. సాఫీగా సాగింది. ‘రాగి ఉత్ప్రేరకం 60 శాతం సామర్థ్యంతో ఇథిలీన్ ఇచ్చింది’ అన్న చోట మాత్రం ఆగిపోయాను. దేంట్లో 60 శాతం?

అది ఫారడే సామర్థ్యం. ఎలక్ట్రోడ్‌లోకి వెళ్లిన 100 ఎలక్ట్రాన్లలో 60 ఇథిలీన్‌కు పోయాయని అర్థం. పంపిన గ్యాసులో ఎంత మారిందో, ఖర్చయిన విద్యుత్ శక్తిలో ఎంత ఇంధనంలో నిలిచిందో అది చెప్పదు. ఇథిలీన్‌కు సిద్ధాంతం ప్రకారం 1.15 వోల్టులు చాలు. సెల్ 3 వోల్టులతో నడిస్తే 60ని 1.15తో గుణించి 3తో భాగించు, 23 శాతం వస్తుంది. అది శక్తి సామర్థ్యం. పాఠకుడికి చెప్పాల్సింది ఆ 23.

ఒక్కసారి లెక్క నీ చేత్తో చెయ్యి. బయటికొచ్చే గ్యాసు నిమిషానికి 20 మి.లీ., అందులో ఇథిలీన్ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) అనుకో. అంటే నిమిషానికి 0.02 మి.లీ. ఇథిలీన్, సుమారు 0.82 మైక్రోమోల్. ఒక్కో అణువుకు 12 ఎలక్ట్రాన్లు. 0.82ను 12తో, 96,485తో (ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం, కూలుంబుల్లో) గుణించి 60 సెకన్లతో భాగిస్తే దాదాపు 15.8 మిల్లీ ఆంపియర్లు. మొత్తం కరెంటు 40 అయితే ఇథిలీన్ వాటా 39 శాతం. అదే 1000 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్ అయితే రెండే ఎలక్ట్రాన్లు, 2.6 మిల్లీ ఆంపియర్లే.

ఇక్కడే చాలామంది తప్పుతారు. లోపలికి పంపిన ప్రవాహం వేసి లెక్క కట్టేస్తారు. కరెంటు పెంచేకొద్దీ పుట్టే హైడ్రాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌ను కార్బొనేట్‌గా తినేస్తుంది, బయటికొచ్చే గ్యాసు తగ్గిపోతుంది. దాన్ని కొలవకపోతే సామర్థ్యం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఏ ప్రవాహం కొలిచారో శాస్త్రవేత్తను తప్పకుండా అడుగు.

రాగే ఎందుకో కూడా రాయి, నీ వ్యాసంలో అది లేదు. మధ్యలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌ను వెండి, బంగారం పట్టుకోలేక వదిలేస్తాయి. ప్లాటినం పట్టుకుని వదలదు. రాగి పట్టు మధ్యస్థం, అందుకే రెండు కార్బన్లు జతపడే వీలుంది. 1985–86లో జపాన్‌లోని చిబాలో హోరి బృందం రాగి మీద మీథేన్, ఇథిలీన్ రావడం చూపించింది.

ఇక పరీక్షలు. కార్బన్ డయాక్సైడ్ బదులు ఆర్గాన్ పంపినప్పుడు ఇథిలీన్ ఆగిందా? ఇథిలీన్‌లోని కార్బన్ పంపిన గ్యాసు నుంచే వచ్చిందని కార్బన్-13 ఉన్న గ్యాసుతో సరిచూశారా? ద్రావణంలోని ఇనుము జాడలు తీసేశారా? ఆనోడ్‌గా ప్లాటినం పెడితే అది కరిగి వచ్చి రాగి మీద పేరుకుంటుంది. ఇనుమైనా ప్లాటినమైనా రాగిని కప్పితే ఇథిలీన్ పడిపోయి హైడ్రోజన్ పెరుగుతుంది. ‘ఉత్ప్రేరకం చచ్చిపోయింది’ అని రాసే ముందు ఇది చూడాలి. సెల్ విప్పినప్పుడు గ్యాసు లోపలికి వెళ్లే రంధ్రాల పొరలో తెల్లటి పొటాషియం బైకార్బొనేట్ ఉప్పు కనిపిస్తే తప్పు రాగిది కాకపోవచ్చు. ఆ ఉప్పు రంధ్రాలు మూసేసి, నీళ్లు లోపలికి చేరి ఉండొచ్చు.

చివరగా, నీ పట్టికలో వోల్టులు వెండి-వెండి క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి కొలిచిన స్కేలులో ఉన్నాయి, వ్యాసంలో రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చిన స్కేలులో ఉన్నాయి. పీహెచ్ 6.8 దగ్గర −1.6కు 0.197, ఆపైన 0.059 ఇంటూ 6.8 కలుపు. −1.0 వస్తుంది. పట్టికంతా అలా మార్చి మళ్లీ పంపు.

మీ అన్నయ్య