రొయ్యల మీద పేపర్ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన సెమినార్ పేపర్ డ్రాఫ్టు రెండూ చదివాను. ‘గౌరవనీయులైన సార్’ అని రాయనక్కర్లేదు. మీ ఊరికీ మా ఊరికీ మధ్య ఉన్నది ఒక్క కాలువే కదా, బాబాయ్ అంటే చాలు.

డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఒక్కసారిగా ఢిల్లీలో ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎం.ఏ.లో పడ్డావు. రీడింగ్ లిస్టు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, క్లాసులో నోరు తెరవాలంటే టెన్షన్ అన్నావు. ఒక ఏడాది పూర్తిగా ఇంగ్లీషు మీద కూర్చుని, ఆ తర్వాత సబ్జెక్టు పట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగావు. వద్దమ్మా. రెంటినీ విడదీస్తే రెండూ రావు. నీకు కావలసిన ఇంగ్లీషు చాలా కొంచెం. ఎవరు ఏమన్నారు, ఏ ఆధారంతో అన్నారు, ఆ మాట ఎంతవరకు చెల్లుతుంది, ఇవి పొల్లుపోకుండా చెప్పగలిగితే చాలు. ప్రపంచ రాజకీయాలు చదవడంలోనూ సగం పని ఇదే. అందుకే ఒకటి నేర్చుకుంటుంటే రెండోది దానంతటదే వస్తుంది.

నీ డ్రాఫ్టే తీసుకుందాం. అంశం మంచిది: 2025లో అమెరికా వేసిన సుంకాలు, మన రొయ్యల రైతులు. కానీ మొదటి పేరా అంతా నేటి ప్రపంచీకరణ యుగంలో దేశాల సంబంధాలు ఎలా మారిపోతున్నాయో చెప్పే వాక్యాలే. ఇంగ్లీషులో తప్పుల్లేవు, విషయమూ లేదు. దాన్ని ఏ దేశం మీది పేపర్‌కైనా, ఏ ఏడాదైనా అతికించుకోవచ్చు. కొట్టేయ్. అసలు వాక్యం రెండో పేజీలో దాక్కుని ఉంది. ఏప్రిల్‌లో ట్రంప్ 26 శాతం అనగానే, అది అమల్లోకి రాకముందే, కొనేవాళ్లు మీ వైపు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు తగ్గించేశారనీ, నాన్నగారి చెరువులు అప్పటికే పట్టుబడికి వచ్చి ఉన్నాయనీ రాశావు చూడు, పేపర్ అక్కడ మొదలవ్వాలి. వాషింగ్టన్‌లో ఒక ప్రకటన వెలువడితే, సుంకం రూపాయి కూడా వసూలు కాకముందే భీమవరం దగ్గర చెరువు గట్టు మీద ధర పడిపోవడం చిన్న విషయం కాదు. బలమైన దేశం ఏమీ చెయ్యకుండానే, చేస్తానని చెప్పినంత మాత్రాన ఎదుటివాణ్ని ఎలా కదిలించగలదో పుస్తకాలు అధ్యాయాలకు అధ్యాయాలు చెబుతాయి. నువ్వు దాన్ని కళ్లారా చూశావు.

అంత మంచి విషయం చెప్పి, చివర ఏం రాశావు? అమెరికా సుంకాల వల్ల ఆంధ్ర రొయ్యల పరిశ్రమ నాశనమైపోయిందని. ఎవరన్నారు? ఎప్పటికి నాశనమైంది? ఎంత మేరకు? ప్రొఫెసర్ మార్జిన్‌లో పెట్టిన ప్రశ్నార్థకం నీ ఇంగ్లీషు గురించి అనుకుని బాధపడ్డావు. ఆయన అడిగింది ఇదీ.

అదే వాక్యాన్ని విప్పి చూడు. ఏప్రిల్ 2న 26 శాతం ప్రకటించారు. దాన్ని కొన్నాళ్లు ఆపి, 10 శాతంతో సరిపెట్టారు. ఆగస్టులో 25 శాతం వేశారు. రష్యా చమురు కొంటున్నందుకు ఇంకో 25 కలిపి ఆగస్టు 27 నుంచి 50 చేశారు. అంతకుముందు నుంచీ ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (సరుకు మరీ చవగ్గా తెచ్చి దింపుతున్నారని వేసేది) దీనికి అదనం. అదే ఆగస్టులో మనతో పోటీగా రొయ్యలు అమ్మే ఈక్వెడార్‌కి పడింది 15. కాబట్టి అప్పట్లో అమెరికా మార్కెట్టులో మన రొయ్య పోటీలో వెనకబడే ప్రమాదం వచ్చింది. ఇప్పుడు ఇందులో ఏది జరిగిన విషయం, ఏది నీ అంచనా అన్నది చదివేవాడికి వేరువేరుగా కనబడుతుంది. మీ నాన్నగారి నష్టం వీసమెత్తు తగ్గలేదు. పైగా నిన్ను కాదనాలనుకున్నవాడు ఇందులో ఏ ముక్కని కాదంటున్నాడో చెప్పి తీరాలి.

చమురు ముక్కని డ్రాఫ్టులో ఒక్క వాక్యంతో దాటేశావు. రొయ్యకీ రష్యాకీ ఏ సంబంధమూ లేదు, అయినా ఉక్రెయిన్ యుద్ధం తాలూకు ఒత్తిడి వచ్చి గోదావరి జిల్లాల రైతు మీద పడింది. నేనైతే పేపర్‌లో మూడో వంతు దానికే ఇస్తాను.

ఇక చదవడం సంగతి. సిద్ధాంతాల పుస్తకాలతో కుస్తీ పడుతున్నావు, పడు, తప్పదు. కానీ ఇంగ్లీషు నేర్చుకోవడానికి అవి మంచివి కావు. ఆ రాతలో సగం మేధావులు ఒకరికొకరు ఇచ్చుకునే సమాధానాలు, మధ్యలో వెళ్లినవాడికి ఏ పోట్లాటో తెలియదు. నీకు పనికొచ్చేది వేరే ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో రొయ్యలు, తాబేళ్ల కేసు అని ఒకటి నడిచింది. దాని మీద అక్కడ అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ 1998 అక్టోబరులో ఇచ్చిన నివేదిక ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతుంది. అది దింపుకో.

కథ క్లుప్తంగా చెబుతాను. సముద్రంలో రొయ్యల వలల్లో తాబేళ్లు చిక్కి చచ్చిపోతున్నాయని, వలలో ఊచల చట్రం బిగించి తాబేలు బయటపడే దారి పెట్టాలని అమెరికా తన బోట్లకి నియమం పెట్టింది. 1989 చట్టంతో ఆ నియమాన్ని బయటి దేశాలకీ వర్తింపజేసి, అలా పట్టని రొయ్యల దిగుమతి ఆపింది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ఫిర్యాదు చేశాయి. (భారత్, పాకిస్తాన్ ఒకే పక్షాన నిలబడ్డ కేసు ఇది. రొయ్య సాధించింది చాలామంది రాయబారులకు చేతకాలేదు.) ఇది సముద్రపు రొయ్యల గొడవ, మీ చెరువుల్లో పెంచే వనామి రకం కాదు, ఆ తేడా పేపర్‌లో మొదటే చెప్పు.

మరి ఎవరు గెలిచారు? మనమే గెలిచామని రాయొచ్చు, అమెరికా తీరు చెల్లదన్నారు కాబట్టి. కరేబియన్ వైపు దేశాలకు మూడేళ్ల గడువు, సాంకేతిక సాయం ఇచ్చి, ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇవ్వడం వివక్ష అన్నారు. కానీ అదే నివేదిక, తాబేళ్లను కాపాడటం కోసం వాణిజ్యం మీద ఆంక్ష పెట్టడం సూత్రరీత్యా తప్పు కాదని కూడా చెప్పింది. అమెరికా ఆ చట్టాన్ని అట్టేపెట్టి, అమలు చేసే తీరు మాత్రం మార్చుకుంది. మలేషియా ఒక్కటే మళ్లీ వెళ్లింది, 2001లో ఓడిపోయింది. అంటే గెలుపు ఎంతవరకు గెలుపో చెప్పకుండా ఆ వాక్యం పూర్తి కాదు. పేపర్ చదివే ప్రొఫెసర్లు కోరుకునే జాగ్రత్త ఇదే.

ఆ నివేదిక పేరాలకు వరస నంబర్లు ఉంటాయి. ఫిర్యాదు చేసిన దేశాలు ఇలా వాదించాయి, అమెరికా ఇలా బదులిచ్చింది, మొదట విచారించిన ప్యానెల్ ఇలా తేల్చింది, మేము ఇలా అంటున్నాం అని ఎవరి మాట వారి ఖాతాలో ఉంటుంది. రోజుకో పేరా నెమ్మదిగా చదువు. కాగితం మూసేసి, ఆ పేరాలో మాట్లాడింది ఎవరు, వాళ్ల కారణం ఏమిటి అన్నది నీ సొంత ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి, తర్వాత అసలుతో పోల్చు. ‘ది’ ఎక్కడ మిస్సయింది, క్రియ ఎక్కడ తప్పింది తర్వాత చూడొచ్చు. ముందు నువ్వు అమెరికా వాదనని తీర్పు అని రాసేశావేమో చూసుకో. మొదట్లో అందరూ పడే గొయ్యి అదే.

ఈ పని బాగా నచ్చితే 1972 ఫిబ్రవరి నాటి షాంఘై ప్రకటన కూడా చదువు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లినప్పుడు ఇచ్చినది. సంయుక్త ప్రకటన అంటే ఒక్క గొంతుతో ఉంటుందనుకుంటాం. అందులో అమెరికా పక్షం ఇలా అంది, చైనా పక్షం ఇలా అంది అని విభేదాలను దాచకుండా పక్కపక్కనే పెట్టారు. భారత్-పాకిస్తాన్ గురించి కూడా ఇద్దరూ వేరువేరుగా చెప్పారు, బంగ్లాదేశ్ యుద్ధం ముగిసి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. తైవాన్ దగ్గరికి వచ్చేసరికి, చైనా ఒక్కటేనని జలసంధికి రెండువైపులా ఉన్న చైనీయులు అంటున్న సంగతి మాకు తెలుసు, దాన్ని మేము సవాలు చేయం అని అమెరికా రాసింది. ఒప్పుకున్నానని ఎక్కడా అనలేదు. అలాంటి జాగ్రత్త మాటల మీదే ఇన్నేళ్లుగా అమెరికా, చైనా సంబంధాల బండి నడుస్తోంది.

జాగ్రత్త నేర్చుకున్నాక ఇంకో జబ్బు పట్టుకుంటుంది, ముందే చెబుతున్నాను. ప్రతి వాక్యంలోనూ ‘బహుశా’, ‘కావచ్చు’, ‘ఒక రకంగా చూస్తే’ వచ్చి చేరతాయి. రెండో సంవత్సరం విద్యార్థుల రాతలు చాలావరకు ఇలాగే ఉంటాయి. సుంకం 50 శాతం అయింది అన్నచోట ‘బహుశా’ ఎందుకు? తెలిసింది గట్టిగా చెప్పు. సందేహం ఉన్నచోట ఏ విషయంలో సందేహమో చెప్పు.

సిద్ధాంతాల భాగంలో రియలిజం (దేశాల మధ్య బలమే నడిపిస్తుందనేది), లిబరలిజం (సంస్థలు, నియమాలు పనిచేస్తాయనేది), కన్‌స్ట్రక్టివిజం (దేశాల ఆలోచనలు, గుర్తింపులే వాటి నడతను తీరుస్తాయనేది) మూడింటికీ తలో పేజీ నిర్వచనాలు రాశావు. పాత గైడు అలవాటు పోలేదు. నిర్వచనాలు తీసెయ్, వాటిని నీ రొయ్యల మీద ప్రయోగించి చూడు. 1998లో చిన్నా పెద్దా దేశాలు జెనీవాలోని డబ్ల్యూటీఓకి వెళ్లి అమెరికాని నిలదీయగలిగాయి కాబట్టి సంస్థలకు విలువ ఉందని లిబరల్ అంటాడు. అదే అప్పిలేట్ బాడీలో కొత్త సభ్యుల నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అది అప్పీళ్లు వినలేని స్థితిలో పడింది, బలవంతుడికి ఇష్టమున్నంత కాలమే సంస్థ నడుస్తుందని రియలిస్టు అంటాడు. నువ్వు ఎటువైపో తేల్చుకుని, అవతలివాడి బలమైన వాదనకి జవాబు చెప్పు. ఇక్కడ మూడు పేజీలు ఒకటిన్నర అవుతాయి.

అవతలివాడు అంటే గుర్తొచ్చింది. నీ పేపర్‌లో అమెరికా అంటే ట్రంప్ ఒక్కడే. లూసియానా, టెక్సస్ తీరాల్లో రొయ్యలు పట్టి బతికే కుటుంబాలున్నాయి. దిగుమతులు చవగ్గా వచ్చి మా ధర పోయిందని వాళ్లు పెట్టిన మొరతోనే 2005లో భారత్ సహా ఆరు దేశాల రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం వచ్చింది. వాళ్ల గోడు మీ నాన్నగారి గోడులాగే వినిపిస్తుంది. ఒప్పుకోనక్కర్లేదు కానీ, వాళ్లకో పేరా ఇవ్వకపోతే నీ పేపర్ ఫిర్యాదు పత్రంలా ఉంటుంది.

వ్యాకరణం దిద్దే సాఫ్ట్‌వేర్ వాడొచ్చా అన్నావు. ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు దిద్దించుకో, తప్పేం లేదు. మొత్తం పేరా ఇచ్చి ‘బాగా రాయి’ అనకు. నువ్వు అంచనాగా చెప్పినదాన్ని అది నున్నగా చెక్కి నిజంగా మార్చేస్తుంది, నీకు తెలియను కూడా తెలియదు. ఇక క్లాసులో మాట్లాడటం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉపన్యాసం ఇవ్వాలని చూడకు, ఒక ప్రశ్న రాసుకుని వెళ్లి అడుగు. యాస గురించి పట్టించుకోకు.

తెలుగులో రాయడం మానేయాలా అని అడిగినందుకు మాత్రం కోపం వచ్చింది. ఎందుకు మానాలి? పేపర్‌లోని వాదనంతా ముందు మీ నాన్నగారికి ఫోన్‌లో చెప్పు. అయిదు నిమిషాల్లో ఆయనకి ఎక్కకపోతే లోపం వాదనలోనే ఉంది, ఇంగ్లీషు దాన్ని కాపాడదు. తర్వాత ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ తెలుగు వాక్యాలను ఒక్కొక్కటీ మార్చుకుంటూ కూర్చోకు, వాదన వరస మాత్రం దగ్గర పెట్టుకో. ఆయన కచ్చితంగా ఒకటి అడుగుతారు: అప్పుడు మనకి యాభై వేసి ఈక్వెడార్ వాడికి పదిహేనే ఎందుకు వేశారమ్మా అని. నీ డ్రాఫ్టులో దానికి సమాధానం లేదు. అమెరికాతో ఎవరికి ఎంత వాణిజ్య మిగులు, రష్యా చమురు గొడవ ఎవరికి ఉంది, ఎవరు ఏ బేరం ఆడారు, ఈ మూడూ చూసి రెండో డ్రాఫ్టులో రాయి. కౌంటు ధరలు ఏ తేదీవో, ఎవరు చెప్పినవో ఫుట్‌నోట్‌లో పెట్టు. పండక్కి ఊరొచ్చేటప్పుడు ప్రింటు తీసుకురా, ఫోన్‌లో చదవడం నా వల్ల కావడం లేదు.

మీ బాబాయ్