32 మంది కార్డ్ టోర్నీకి నాకౌట్ మంచిదా, స్విస్ మంచిదా?

32 మందితో మ్యాజిక్ ద గ్యాదరింగ్ టోర్నీ పెడుతున్నారట, జతలు ఎలా వేయాలని అడిగారు. స్విస్ పెట్టండి, ఆ తర్వాత టాప్ 8కి నాకౌట్.

మొదటి నుంచీ నాకౌట్ అయితే ఒక్క రౌండుకే 16 మంది ఇంటిదారి పడతారు. ముక్కలు కలిసిరాక ఓడినవాళ్ళను అలా పంపేయడం అన్యాయం. రౌండ్ రాబిన్, అంటే ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఆడటం, 8 మంది దాకా సరే, అప్పటికే 28 మ్యాచ్‌లు. 32 మందికి 31 రౌండ్లు కావాలి!

స్విస్‌లో ఓడినా బయటికి పోరు, ప్రతి రౌండులో సమాన పాయింట్లున్నవాళ్ళు తలపడతారు, ఒకసారి ఆడిన జత మళ్ళీ కలవదు. గెలుపుకు 3, డ్రాకు 1. మీకు 5 రౌండ్లు. రౌండుకు 50 నిమిషాలే అయినా టైమయ్యాక 5 టర్న్‌లుంటాయి కాబట్టి గంటా పది లెక్కేసుకోండి. బేసి సంఖ్య వస్తే అట్టడుగున ఉన్నవాళ్ళలో ఒకరికి బై, అంటే ఆడకుండానే 3 పాయింట్లు.

అసలు తకరారు ఐదో రౌండులో. డ్రాలేవీ లేకపోతే నాలుగు రౌండ్లకు ఇద్దరి దగ్గర 12, ఎనిమిది మంది దగ్గర 9 ఉంటాయి. పై ఇద్దరూ డ్రా మాట్లాడుకుని 13తో టాప్ 8లోకొచ్చేస్తారు. తొమ్మిదివాళ్ళ నాలుగు టేబుళ్ళలో రెండు డ్రా అయినా ఆ నలుగురూ 10తో గట్టెక్కుతారు. మూడోది కూడా డ్రా అయిందా, ఎనిమిది సీట్లకు తొమ్మిది మంది! అందుకే పక్క టేబుళ్ళు చూడకుండా డ్రాకు ఒప్పుకోకూడదు. డ్రా రూల్స్‌కు విరుద్ధం కాదు. కానీ దానికి బదులుగా కార్డుల ప్యాకో డబ్బో ఇస్తానంటే అది లంచమే, డిస్‌క్వాలిఫై చేయాల్సిందే.

అందరూ ఆడితే మాత్రం ఆరుగురు నేరుగా వస్తారు, మిగతా రెండు సీట్లకు 9 పాయింట్లున్న పది మంది పోటీ. అక్కడ టైబ్రేకర్ తేలుస్తుంది: మీ ప్రత్యర్థుల గెలుపు శాతాల సగటు, ఎవరిదైనా 33 కంటే తగ్గితే 33గానే లెక్క. మొదటి రౌండులోనే ఓడితే ఆ తర్వాత తగిలేవాళ్ళు కూడా ఓడినవాళ్ళే, కాబట్టి సగటు పడిపోతుంది. అదే ఓటమి చివర్లో అయితే నష్టం తక్కువ.

ఇంకొకటి, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయేవాళ్ళతో పెద్ద తలనొప్పి. వాళ్ళ పేరు తర్వాతి రౌండు జతల్లో ఉండిపోతుంది, ఎదుటివాళ్ళు ఖాళీ కుర్చీ ముందు కూర్చోవాలి. డ్రాప్ అయ్యేవాళ్ళు, అంటే మధ్యలో మానేసేవాళ్ళు, స్కోరు చీటీ ఇచ్చేటప్పుడే చెప్పాలని మొదటి రౌండుకు ముందే మైకులో ప్రకటించండి.