నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఐరన్ చుక్కలు ఎందుకు?

తల్లిపాలు బాగా తాగుతున్న బిడ్డకు ఐరన్ చుక్కలెందుకని అడిగారు. తప్పు మీ పాలది కాదు. తల్లి నుంచి బిడ్డకు అందే ఇనుములో ఎక్కువ భాగం గర్భం చివరి 3 నెలల్లోనే చేరుతుంది. నెలలు నిండిన బిడ్డ ఆ నిల్వతో సుమారు 4–6 నెలలు నెట్టుకొస్తుంది. ముందే పుట్టిన బిడ్డకు నిల్వ తక్కువ, పైగా ఎదుగుదల వేగం ఎక్కువ. కొత్త రక్తం తయారీకి ఉన్నది త్వరగా ఖర్చయిపోతుంది.

తల్లికి తీవ్ర రక్తహీనత, అదుపులో లేని షుగర్, కడుపులో బిడ్డ సరిగా ఎదగకపోవడం నిల్వను ఇంకా తగ్గిస్తాయి. చాలామంది గమనించనిది ఒకటుంది: ఐసీయూలో పరీక్షలకు తీసే రక్తం. కిలో బరువున్న పసికందు ఒంట్లో మొత్తం రక్తమే 80–100 మి.లీ. ఉంటుంది. అందులోంచి రోజూ ఒకటి రెండు మి.లీ. తీసినా తక్కువేం కాదు. పుట్టగానే బొడ్డుతాడు కత్తిరించకుండా 30–60 సెకన్లు ఆగితే మాయలోని రక్తం కొంత, దానితో ఇనుమూ బిడ్డకు దక్కుతుంది. రక్తం ఎక్కించినా ఇనుము చేరుతుంది, అందుకే అలాంటి పిల్లలకు చుక్కలు ఒక్కోసారి ఆలస్యంగా మొదలుపెడతారు.

సాధారణంగా బిడ్డ బరువులో కిలోకు రోజుకు కనీసం 2 మి.గ్రా. ఇనుము ఇస్తారు. మోతాదు మీ అంతట మీరు పెంచకండి, ఎక్కువైన ఇనుమూ హాని చేస్తుంది. మలం ముదురు రంగులోకి మారడం మామూలే; తారులా నల్లగా, జిగురుగా వస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.