అడగడం నేర్చుకో బిడ్డా

హనుమకొండ

బిడ్డా శ్రావణీ,

నీ మెసేజ్ చూశాను. హౌస్ సర్జన్సీ అయ్యేలోగా వ్యసనాల వైద్యం, లైంగిక ఆరోగ్యం గట్టిగా నేర్చుకోవాలని ఉందని, ఎక్కడికి పోవాలో తెలియడం లేదని రాశావు. అమ్మ ఒప్పుకోవడం లేదని కూడా రాశావు. "ఆడపిల్లకు తాగుబోతుల వైద్యం, సుఖరోగాల వైద్యం ఎందుకు, రేపు సంబంధం వస్తే ఏమని చెప్పాలి" అందట. చర్మ, సుఖవ్యాధుల పీజీ సీటు తీసుకున్న రోజు మా నాయన నన్నూ ఇదే మాట అడిగాడు. మీ అమ్మ సంగతి నాకు వదిలేయ్. అది నా చెల్లెలు, దానికి ఎట్లా చెప్పాలో నాకు తెలుసు. నువ్వు చదువు సంగతి విను.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి మాట. ఏ ఊరో, ఏ ఆసుపత్రో రాయను. స్త్రీల వార్డులో ఒక బీడీ కార్మికురాలికి గర్భసంచి ఆపరేషన్ అయింది. నలభై ఏళ్లుంటాయేమో. కేసు షీట్ రాసింది నేనే. "మందు తాగుతావా?" అని అడిగితే "అయ్యో, లేదు డాక్టరమ్మా" అంది. అలవాట్లు ఏమీ లేవని రాసేశాను. రెండో రోజు సాయంత్రం ఆమె చేతులు వణకడం మొదలైంది. దుప్పటి అంచు పట్టుకుని బీడీ చుడుతున్నట్టు వేళ్లు తిప్పుతోంది. చేతిలో ఆకు లేదు, తంబాకు లేదు, దారం లేదు. వేళ్లు మాత్రం చుట్టి, మొన మడిచి, పక్కన పెట్టి, మళ్లీ ఇంకోటి అందుకుంటున్నాయి. రాత్రి ఫిట్స్ వచ్చాయి. మెదడుకు ఇన్ఫెక్షనా, మత్తు ఇంజక్షన్ పడలేదా అని మేమంతా తలలు పట్టుకున్నాం. నేల తుడుస్తున్న ఆయమ్మ బకెట్ పక్కన పెట్టి, "కల్లు ఆగింది డాక్టరమ్మా, గందుకే గట్ల చేస్తాంది" అంది.

రోజుకు నాలుగు సీసాలట, ఎన్నో ఏళ్లుగా. ఆమె నాతో అబద్ధమాడలేదు. మన దిక్కు మందంటే బ్రాందీ, విస్కీ. కల్లు మందు కాదు, కల్లు కల్లే. నా ప్రశ్నే తప్పు. ఫిట్స్ తగ్గాక మాత్రలు రాసిచ్చి ఇంటికి పంపాం. కల్లు మాట మాలో ఒక్కరమూ ఎత్తలేదు. ఆ వేళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందు తిరుగుతుంటాయి.

చెట్టు నుంచి దించిన కల్లుతో మామూలుగా ఇంత పని జరగదు. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలుపుతారు. 2015 సెప్టెంబరులో ఆ కల్తీని కట్టడి చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు జనం గుంపులుగా వచ్చారు. వణుకుడు, పిచ్చి మాటలు, ఫిట్స్. వాళ్లకు ఆ అవస్థ తాగినందుకు కాదు, అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగినందుకు. అందుకే పేషెంట్‌తో "రేపటి నుంచి బంద్ చెయ్" అని ఎప్పుడూ అనకు. మత్తు మాత్రలకు అలవాటు పడ్డ ఒంటికి మెల్లమెల్లగా, డాక్టర్ చూస్తుండగా తగ్గించాలి.

కాబట్టి నీ మొదటి శిక్షణ నీ వార్డులోనే, ఈ రోజు నుంచే. తాగుడు ఎంత ముదిరిందో కనుక్కోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది, ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మన మాటలో నోట్‌బుక్‌లో రాసుకో. పుస్తకం తెలుగు వద్దు, నర్సంపేట నుంచి వచ్చిన మనిషికి అర్థమయ్యే తెలుగులో రాయి. "కల్లా, గుడుంబానా, బాటిలా? రోజుకు ఎన్ని? పొద్దున లేవంగనే కావాల్నా? ఒక్కరోజు దొరకకపోతే ఒళ్లు ఎట్లుంటది?" ఆడవాళ్లనూ అడుగు, ముసలివాళ్లనూ అడుగు. నిద్ర మాత్రలు, గుట్కా, గంజాయి విడివిడిగా అడుగు. ఆఖరిసారి ఎప్పుడు తాగారో గంటతో సహా రాసుకో. కాలు విరిగి అడ్మిట్ అయిన మనిషి రెండో రోజో మూడో రోజో లేని పాములను చూసి కేకలు పెడితే, నీ కేసు షీట్‌లోని ఆ ఒక్క లైనే అతని ప్రాణం కాపాడుతుంది. ఇంకోటి, ఏళ్ల తరబడి తాగిన మనిషికి గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇవ్వాలని మరిచిపోకు. అర్ధరాత్రి హడావుడిలో మరిచిపోయేది అదే.

సైకియాట్రీ పోస్టింగ్‌ను సెలవు లాగా చూసే పిల్లలు ఉంటారు. నువ్వు అట్లా చేయకు. అక్కడి పీజీలను బతిమాలి నైట్ డ్యూటీ తీసుకో. మత్తు దిగే మనిషిని రాత్రంతా గంట గంటకూ చూడడం ఏ క్లాసులోనూ రాదు. తాగుడు మానేయాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. వాళ్లు అందరూ వచ్చే ఓపెన్ మీటింగులు పెడతారు. ముందే అడిగి ఒకదానికి పోయి వెనక కుర్చీలో కూర్చో. నోట్స్ రాయకు, ఊరికే విను. తాగుడు మానేసి ఎనిమిదేళ్లయిన మనిషి తన కథ చెప్తుంటే విన్నాక, "తాగుబోతు" అన్న మాట నీ నోటి నుంచి అంత సులువుగా రాదు.

బయటి శిక్షణ అడిగావు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. వాళ్లు ఎకో పద్ధతిలో ఆన్‌లైన్ క్లాసులు నడుపుతారు. ఉపన్యాసం విని లాగౌట్ అయ్యేది కాదు, నీ దగ్గరున్న కేసును నువ్వే చెప్తే పెద్దవాళ్లు, తోటివాళ్లు కలిసి చర్చిస్తారు. ఎయిమ్స్ ఢిల్లీకి చెందిన మత్తు వ్యసనాల చికిత్స జాతీయ కేంద్రం ఘజియాబాద్‌లో ఉంది, ఎన్‌డీడీటీసీ అంటారు. డాక్టర్లకు, నర్సులకు శిక్షణ ఇవ్వడం వాళ్ల పనుల్లో ఒకటి. రెండు వెబ్‌సైట్లూ నెలకోసారి చూస్తూ ఉండు. ఎండీ సైకియాట్రీ చేసి ఆ తర్వాత అడిక్షన్ సైకియాట్రీలో డీఎం అనే పై డిగ్రీ చేసే దారి నిమ్హాన్స్, ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐలలో ఉంది. అంత దూరం పోవాలో వద్దో ఇప్పుడే తేల్చకు. 2019లో వచ్చిన కేంద్ర సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా 37 మంది డీఎం డాక్టర్ దగ్గరికి రారు. కడుపునొప్పి అనో, నిద్ర పట్టడం లేదనో పీహెచ్‌సీకే వస్తారు. నువ్వు పీహెచ్‌సీ డాక్టర్‌వైనా ఈ చదువు వృథా కాదు.

వీకెండ్ సర్టిఫికెట్ కోర్సులు చాలా కనపడతాయి. డబ్బు కట్టే ముందు రెండు ముక్కలు అడుగు. నేను స్వయంగా ఎంతమంది పేషెంట్లతో మాట్లాడతాను? మాట్లాడుతుంటే చూసి సరిదిద్దేది ఎవరు? జవాబు సరిగ్గా రాకపోతే ఆ డబ్బుతో ఘజియాబాద్‌కు టికెట్ కొనుక్కో.

ఇక నా సబ్జెక్టు. మీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనే సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఉంది, హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఉంది. డాక్టర్ పక్కన నిలబడే ముందు కౌన్సెలర్ పక్కన వారం కూర్చో. అక్కడ సుఖవ్యాధుల మందులు రంగుల కిట్లలో ఉంటాయి. మగవాళ్లకు మూత్రనాళం నుంచి చీము కారితే గ్రే, తెల్లబట్టకు గ్రీన్, ఆడవాళ్లకు పొత్తికడుపు నొప్పికి ఎల్లో. రంగులు రెండు రోజుల్లో వస్తాయి. ఇంట్లో ఉన్న రెండో మనిషి కూడా తనకు కావాల్సిన మందు మింగేలా చేయడమే పని. భార్యకు మందులిచ్చి భర్తను వదిలేస్తే నెల తిరగకుండా ఆమె మళ్లీ అదే బెంచీ మీద కూర్చుంటుంది. ఆ మాట భర్తతో గొడవ కాకుండా ఎట్లా చెప్పాలో మంచి కౌన్సెలర్ నోట విని నేర్చుకోవాలి.

తోడొచ్చిన అత్తను ముందు బయటికి పంపడం నేర్చుకో. "పరీక్ష చేయాలమ్మా, ఐదు నిమిషాలు బయట కూర్చోండి" అంటే చాలు, ఎవరూ కాదనరు. కర్టెన్ లాగు, సిస్టర్‌ను లోపల ఉంచుకో. ఎందుకు అడుగుతున్నావో ఒక్క ముక్క చెప్పి, బీపీ గురించి అడిగే గొంతుతోనే అడుగు: "ఎవరెవరితో కలుస్తారు? ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా, ఇద్దరితోనా? కండోమ్ వాడారా?" నేను మొదట్లో ఇది అడిగేటప్పుడు కేసు షీట్ వైపు చూసేదాన్ని. నేను తల దించితే పేషెంట్ కూడా తల దించేవాడు. అద్దం ముందు నిలబడి గట్టిగా చదువుకుంటే ఆ బెరుకు పోయింది, నువ్వూ చేసి చూడు. ట్రాన్స్‌జెండర్ మనిషి వస్తే ఏ పేరుతో పిలవాలో అడిగి అదే పేరుతో పిలువు.

మగపిల్లలు "నరాల వీక్‌నెస్", "మూత్రంలో ధాతువు పోతుంది" అంటూ వస్తారు, ధాతువంటే వీర్యం. నవ్వకు. 1960లో ఎన్.ఎన్. విగ్ అనే మన సైకియాట్రిస్టు ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టిన బాధ అది. అందులో భయం, దిగులు ఉంటాయి. నువ్వు పావుగంట కూర్చుని శరీరం సంగతి చెప్పకపోతే వాడు పేపర్ ప్రకటన చూసి లాడ్జిలో కూర్చునే నకిలీ వైద్యుడి చేతిలో పడి వేలకు వేలు పోగొట్టుకుంటాడు. పెళ్లయినవాడు అంగస్తంభన సమస్యతో వస్తే తాగుడు గురించి, షుగర్ గురించి తప్పక అడుగు. నువ్వడిగిన రెండు సబ్జెక్టులూ చాలాసార్లు ఒకే మనిషిలో ఉంటాయి.

చట్టం కూడా చదువుకోవాలి. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, రిజల్ట్ బయటపెట్టకూడదు. ఫైల్ అట్ట మీద ఎర్ర ఇంకుతో రాయడం, వార్డులో కేకేసి చెప్పడం ఎవరు చేసినా నువ్వు చేయకు. పద్దెనిమిది నిండని పిల్ల విషయంలో పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ఉంది, తెలిసినప్పుడు రిపోర్ట్ చేయక తప్పదు. ఆ సంగతి పిల్ల నోరు విప్పక ముందే మెత్తగా చెప్పు, తర్వాత చెప్తే నమ్మించి మోసం చేశావనుకుంటుంది. నీ సంగతి కూడా చూసుకో. పేషెంట్‌కు వాడిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. రాత్రి రెండు గంటలకు ఆ మందులు ఏ గదిలో, ఎవరి తాళం కింద ఉంటాయో రేపే పోయి కనుక్కో.

వచ్చే వారం సురక్ష క్లినిక్‌లో కూర్చున్నాక, నోటి దాకా వచ్చి అడగలేక మింగేసిన ప్రశ్న ఒకటి ఉంటుంది. అది రాసుకుని ఆదివారం ఇంటికి రా. ఇద్దరం కూర్చుని దాన్ని ఎట్లా అడగాలో చూద్దాం. మీ అమ్మను కూడా వెంట తీసుకురా.

మీ పెద్దమ్మ