ఊపిరి బిగబట్టే అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది

బరంపురం నుంచి ఓ తండ్రి రాశారు: "మావాడికి పందొమ్మిది. గోపాల్‌పూర్‌లో మేనమామ తెప్ప మీదే పెరిగాడు. రాళ్లకు చిక్కిన వల విడిపించడానికి మునుగుతాడు. డిగ్రీ కాగానే స్కూబా (సిలిండరు గాలి పీలుస్తూ నీటిలో మునగడం) వాళ్ల దగ్గర చేరి పనిలోనే నేర్చుకుంటాడట, కోర్సు దండగట. పెద్దవాడి బ్యాంకు కోచింగుకే రెండేళ్లు కట్టాం. అనుభవం చాలదా?"

అయ్యా, మీరు అడిగింది సర్టిఫికెట్ గురించి. మీ భయం మాత్రం వీడు ఎలా బతుకుతాడని. దానికి తర్వాత వస్తా.

కోర్సులో 200 మీటర్ల ఈత, పది నిమిషాలు తేలడం పెడతారు. మీవాడు నవ్వుతూ చేసేస్తాడు. చిక్కంతా మరోచోట ఉంది. వల కోసం మునిగినప్పుడు ఊపిరి బిగబట్టి, పైకొచ్చేదాకా వదలడు కదా? సిలిండరు గాలి పీల్చి అదే పని చేస్తే ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. పది మీటర్ల లోతున పీడనం పైనున్నదానికి రెట్టింపు. అక్కడ నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. అందుకే స్కూబాలో ఊపిరి ఆపకూడదన్నదే మొదటి పాఠం. ఇన్నేళ్ల అలవాటును ఎవరో దగ్గరుండి మాన్పించాలి. కోర్సు పని అదే.

ఈ మొదటి కోర్సుకిచ్చే ఓపెన్ వాటర్ కార్డుతో 18 మీటర్ల దాకా దిగొచ్చు. టూరిస్టులను నీటిలో వెంటబెట్టుకెళ్లే డైవ్ మాస్టర్ కావాలంటే రెస్క్యూ కోర్సు, లెక్కరాసిన 60 డైవులు ఉండాలి. కార్డు లేనివాడికి సిలిండర్లు మోయడం, సూట్లు కడగడమే పని. అలాంటివాడికి టూరిస్టును అప్పగించే చోటయితే మీవాణ్ని అసలు చేర్చకండి.

నిజం చెప్పనా, ఈ దారి మీద నాకూ అనుమానాలున్నాయి. ఫోన్లో చేపలు కనిపిస్తాయి, వానాకాలంలో ఖాళీగా కూర్చోవడం కనిపించదు. అండమాన్‌లోనైనా, మహారాష్ట్ర తీరంలోని తార్కర్లీలోనైనా సముద్రం పొంగితే పని ఆగుతుంది. ఓడరేవుల్లో నీటికింద వెల్డింగు చెయ్యడానికి ఈ కార్డు చాలదు, ఆ శిక్షణే వేరు. కాబట్టి డిగ్రీ మాననివ్వకండి.

కానీ పెద్దవాడికి రెండేళ్లు ఫీజు కట్టినప్పుడు ఉద్యోగం గ్యారంటీయా అని అడిగారా? చిన్నవాడి నాలుగు రోజుల కోర్సు దగ్గరే లెక్కలు గుర్తొచ్చాయా? వాడికి సముద్రమంటే ఇష్టం, తెగువ ఉంది. బతకలేడని బెంగపడకండి.

ముందు చెవి, ఊపిరితిత్తుల డాక్టర్లకు చూపించండి. తర్వాత కోర్సు కోసం విశాఖ దగ్గరి రుషికొండకు తీసుకెళ్లండి, రైల్లో ఒక పూట. మేనమామను కూడా రమ్మనండి. వాడు పైకొచ్చేటప్పుడు బుడగలు ఆగితే పడవ మీద అందరికన్నా ముందు పసిగట్టేది ఆయనే.