ఒక కథ అచ్చయ్యాక ఆగిపోయిన కలం

ప్రశ్న: నాకు 42 ఏళ్ళు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. పదేళ్ళుగా కథలు రాస్తున్నాను. ఒకరోజు రాత్రి వంటింట్లో బియ్యం ఏరుతూ మా తోడికోడలు తన మనసులో మాట ఒకటి నాతో చెప్పుకుంది. తమ్ముడి చదువు కోసం పెళ్ళినాటి గాజులు అమ్మేసిందట. ఎనిమిదేళ్ళుగా ఎవరికీ తెలియకుండా రోల్డ్ గోల్డ్ గాజులే వేసుకుంటోందట. పేర్లు, ఊరు మార్చి దాన్ని కథగా రాశాను. ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో అచ్చయింది. బంధువులు గుర్తుపట్టారు, మా అత్తగారికి సంగతి తెలిసిపోయింది. "నీకు చెప్పుకున్నాను గానీ పేపరుకు చెప్పలేదు" అని ఒక్క మాట అని అక్కయ్య నాతో మాట్లాడటం మానేసింది. ఇది జరిగి 14 నెలలైంది. అప్పటినుంచి ఒక్క కథ కూడా పూర్తి చేయలేకపోయాను. రోజూ తెల్లవారుజామున లేచి కూర్చుంటాను, మొదటి వాక్యం రాస్తాను, కొట్టేస్తాను. "రాయడం మానేస్తే ఏ గొడవా ఉండదు కదా" అంటున్నారు మావారు. నాలో ఊట ఎండిపోయిందంటారా? (ఉత్తరాన్ని కుదించాము.)

జవాబు: మీ పూర్తి ఉత్తరంలో ఆ రాత్రిని గురించి రాసిన భాగాన్ని నేను రెండుసార్లు చదివాను. ఆమె చేట పక్కన పెట్టి, గాజును మోచేతి వైపు జరిపి, దాని కింద నల్లగా కమిలిన చర్మాన్ని మీకు చూపించి, మళ్ళీ గాజును కిందికి దించుకుని ఏమీ జరగనట్టు బియ్యంలో రాళ్ళు వెతకడం మొదలుపెట్టిందని రాశారు. ఊట ఎండిపోయిన వారి చేతి నుంచి ఇటువంటి నాలుగు వాక్యాలు రావు. నాకు రాసిన ఉత్తరంలో కలం ఎక్కడా తడబడలేదు, కథ అనుకుని కూర్చున్నప్పుడు మాత్రమే ఆగిపోతోంది. కాబట్టి పోయింది మీ శక్తి కాదు. మొదటి వాక్యం రాస్తున్నప్పుడే మీ తోడికోడలు, మీ అత్తగారు, మీ వారు, ఆ ఆదివారం ఫోన్లు చేసిన బంధువులు అందరూ మీ భుజం మీదుగా కాగితంలోకి తొంగి చూస్తున్నారు. అంతమంది ఎదుట ఎవరికి మాత్రం చెయ్యి ఆడుతుంది?

అయితే ఆ గుంపులో ఒకరిని మాత్రం మీరు ఊహించుకున్న మనిషిగా కొట్టిపారేయడానికి వీల్లేదు. మీ తోడికోడలి బాధ నిజమైనది. రచయితకు స్వేచ్ఛ ఉందనీ, పేర్లు మార్చారు కాబట్టి మీ తప్పేమీ లేదనీ నేను చెబితే మీకు ఒక పూట ఊరటగా ఉంటుందేమో గానీ మీరే దాన్ని నమ్మరు. కథ రాయడం తప్పు కాదు. ఆమె ఇంకెవరికీ చెప్పుకోలేక మీకు చెప్పుకున్న రహస్యాన్ని ఆమె అనుమతి లేకుండా, ఇంటివారు గుర్తుపట్టే రూపంలోనే బయట పెట్టడం తప్పు. ఈ రెండూ మీ మనసులో ముడిపడిపోవడం వల్లనే, రెండోదానికి శిక్షగా మొదటిదాన్ని మీకు మీరే నిషేధించుకున్నారని నాకు అనిపిస్తోంది. మీ వారి మాట కూడా ఆ ముడినే మరింత బిగిస్తోంది. ఆయనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఇంట్లో శాంతి కోరి అన్నమాటే అది. కానీ మీరు రాయడం మానేసినంత మాత్రాన ఆమెకు జరిగిన నష్టం తీరదు. ఆయన నిజంగా సాయం చేయదలచుకుంటే, ఆ గాజులు ఆమె సొంతమనీ, ఆ విషయాన్ని ఇక ఎత్తవద్దనీ వాళ్ళ అమ్మగారితో కొడుకుగా మాట్లాడమనండి. ఆ ఇంట్లో ఆ మాట ఆయన నోటి నుంచి వస్తేనే చెల్లుతుంది.

మీరు చేయవలసింది ఆమె దగ్గరకు వెళ్ళడం. పండగకో పెళ్ళికో నలుగురూ ఉన్నప్పుడు కాదు, ఫోనులో అసలే కాదు, ఆమె ఒంటరిగా ఉండే వేళ చూసుకుని వెళ్ళండి. సాహిత్యం గురించి, కథను మెచ్చుకున్న పాఠకుల గురించి ఒక్క ముక్క కూడా చెప్పవద్దు. "అక్కా, నన్ను నమ్మి చెప్పుకున్న మాటను నేను నలుగురిలో పెట్టాను, అది తప్పు" అని అక్కడితో ఆపండి. ఆమె కోప్పడితే వినండి, మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని భరించండి. ఇకపై కథలే రాయనని మాత్రం మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేని మాట రెండో ద్రోహం అవుతుంది. ఆమె చెప్పినదేదీ ఇక ఎక్కడా రాయనని మాట ఇవ్వండి. ఆమె ఆ రోజే క్షమించకపోవచ్చు, ఎన్నాళ్ళకూ క్షమించకపోవచ్చు కూడా. క్షమాపణ చెప్పడం మీ వంతు, మన్నించడమా మానడమా అన్నది ఆమె ఇష్టం. మీ కలం కదలడానికి ఆమె మన్నింపును షరతుగా పెట్టుకోకండి, అలా పెట్టుకుంటే ఆమె మీద ఇంకొక బరువు వేసినట్టే.

ఇక రాత విషయం. ముందుగా ఆ 14 నెలల అపరాధ భావాన్ని కథ కాని రూపంలో కాగితం మీద పెట్టండి. అమెరికాలో జేమ్స్ పెన్నిబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో, కళాశాల విద్యార్థులు తమను కలచివేసిన సంఘటన గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాశారు. జరిగినదాన్నీ, దాని గురించిన తమ భావాలనూ కలిపి రాసినవారికి రాసిన వెంటనే మనసు మరింత బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో వారు అనారోగ్యంతో వైద్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. మీరూ అలాగే రాయండి, రాసినది ఎవరికీ చూపించకండి, చింపేసినా ఫరవాలేదు. మొదటి రోజు దుఃఖం పొంగితే భయపడకండి. రోజురోజుకూ మరీ భరించలేకుండా ఉంటే మాత్రం ఆపేయండి.

ఆ తర్వాత కథకు కూర్చున్నప్పుడు, రాయడాన్నీ తీర్పు చెప్పడాన్నీ ఒకే పూట చేయవద్దు. మీ పాఠశాలలో గురజాడను ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! ఆయన కన్యాశుల్కం 1892లో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. మనం ఇప్పుడు చదువుతున్నది మాత్రం 1909లో వచ్చిన రెండో కూర్పు. దాన్ని ఆయన ఇంచుమించు కొత్త నాటకం అనదగినంతగా తిరగరాశారు. తిరగరాయడానికి ముందు ఒక రూపం చేతిలో ఉండాలి కదా! మీరు మొదటి వాక్యం దగ్గరే 1909 నాటి గురజాడ కావాలనుకుంటున్నారు. కాగితం చూస్తేనే చెయ్యి బిగుసుకుపోతుంటే, కథను నోటితో చెప్పి ఫోనులో రికార్డు చేయండి. పాఠం చెప్పే గొంతు మీకు ఎలాగూ ఉంది. 1866లో గడువు ముంచుకొచ్చినప్పుడు రష్యన్ రచయిత దొస్తొయెవ్‌స్కీ ఒక నవలను ఒక యువతికి చెప్పి రాయిస్తూ 26 రోజుల్లో పూర్తిచేశారు. మీకు గడువు లేదు గనుక రోజుకు అరగంట చాలు. ఆ అరగంట అయ్యేసరికి తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలిసిన చోటనే ఆపండి, అప్పుడు మర్నాడు ఖాళీ కాగితం ముందు కూర్చున్నట్టు ఉండదు.

ఇక మళ్ళీ ఎవరినైనా గాయపరుస్తానేమోనన్న మీ భయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పేరు, ఊరు మారిస్తే మనిషి మారిపోరు. గాజు కింద నల్లబడిన చర్మం ఉన్నంతవరకూ అది మీ తోడికోడలే. ఆ గాజులు ఆమెవి, వాటిని ఇక తాకవద్దు. కానీ ఆ రాత్రి మీ గుండెను పట్టుకున్నది గాజులేనా? ప్రేమతో వదులుకున్నదాన్ని సిగ్గుపడుతూ దాచుకోవలసి రావడం మిమ్మల్ని కదిలించింది, అది ఆమె ఒక్కరిదే కాదు. ఒక లారీ క్లీనరు తండ్రి ఇచ్చిన వాచీని స్నేహితుడి ఆసుపత్రి ఖర్చుకు అమ్మేసి, తండ్రి అడుగుతాడేమోనని నడవని పాత వాచీ ఒకటి కట్టుకుని తిరుగుతున్నాడనుకోండి. టైమెంతైందని ఎవరైనా అడిగితే ఆకాశం వైపు చూసి చెబుతాడు. ఇక్కడ వస్తువు, వయసు, వృత్తి, కారణం అన్నీ మారాయి. ఆ క్లీనరులో మీ తోడికోడలిని ఎవరూ వెతకలేరు, ఇంకా ముఖ్యంగా అతడేం చేస్తాడో మీకూ ముందుగా తెలియదు. తెలియని మనిషి వెంట నడుస్తున్నప్పుడు కలం సాగుతుంది. పూర్తయ్యాక, అచ్చుకు పంపే ముందు, ఈ కథ చదివి తనను గుర్తుపట్టగల మనిషి ఎవరైనా ఉన్నారా అని ఒకసారి నిదానంగా ఆలోచించండి. ఉంటే వారి అనుమతి అడగండి, లేదా కథను పెట్టెలో ఉంచండి. ఆ ఆలోచన మాత్రం చివరి రోజుకే ఉంచుకోండి.

నిద్ర సరిగా పట్టడం లేదని ఉత్తరం చివర ఒక వాక్యంలో రాసి వదిలేశారు. పాఠం చెప్పాలన్నా, తినాలన్నా కూడా ఆసక్తి తగ్గి రెండు వారాలకు మించి అలాగే ఉంటే, దాన్ని కథల సమస్యగా చూడకుండా మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

రేపు తెల్లవారుజామున లేచినప్పుడు కథ జోలికి వెళ్ళకండి. అక్కయ్యతో చెప్పదలచుకున్న ఆ ఒక్క వాక్యాన్ని కాగితం మీద రాసుకోండి, ఎన్నిసార్లు కొట్టేసినా సరే, మళ్ళీ రాయండి. అది సిద్ధమయ్యాక ఆమె ఇంటికి వెళ్ళండి.